జెట్‌స్కీలోకి నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి? లీకు వెతికి ఆపే పద్ధతి

సాయంత్రం రుషికొండ ఇసుక మీదకి బండిని లాగాక మొదట చేసే పని వెనకాల ఉన్న రెండు డ్రైన్ ప్లగ్గులూ విప్పడం. గ్లాసెడు నీళ్లు కారి ఆగిపోతే ఆ రోజుకి పండగే. టీ తాగి వచ్చేసరికి కూడా ధార కారుతూనే ఉంటే మాత్రం రాత్రి నిద్ర పట్టదు. (ఇక్కడ మేం జెట్‌స్కీని బండి అనే అంటాం. స్కూటర్‌లాగా ఎక్కి కూర్చుంటాం కదా మరి.)

నా మొదటి సెకండ్‌హ్యాండ్ బండి ఇలాగే రెండు నెలలు ఏడిపించింది. దాని అడుగున జానెడు పొడవు గీత ఒకటి ఉంది. లీకు అదేనని చూసినవాళ్లంతా తేల్చేశారు. ఫైబర్ వేయించాను. మళ్లీ నీళ్లు. ఇంకో పొర వేయించాను. మళ్లీ నీళ్లే. చివరికి ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ పడవలు బాగుచేసే ఒక పెద్దాయనని బతిమాలి తీసుకొచ్చాను. ఆయన బండిని ముట్టుకోలేదు. "ఏటి బాబూ, నీళ్లు ఎప్పుడొస్తన్నాయి? నడుస్తుంటేనా, ఆగుంటేనా?" అని అడిగాడు.

"అది చూళ్లేదు బాబాయ్" అన్నాను.

"అది చూడకుండానే అడుగంతా గోకించేశావా!"

చూస్తే తేలిందేమిటంటే, బండి నడిచినంతసేపూ చుక్క నీరు రావడం లేదు. నడిపి వచ్చి లంగరు వేసి వదిలేశాకే నిండుతోంది. అసలు దొంగ అడుగున గీత కాదు, లోపల ఒక రబ్బరు గొట్టానికి ఉన్న గుండుసూది మందం రంధ్రం. ఉప్పు పేరుకుని పూడిపోయింది. దాని సంగతి కింద వివరంగా చెబుతాను. ముందు వెతికే పద్ధతి.

మొదలుపెట్టే ముందు

సీటు తీసి పది, పదిహేను నిమిషాలు అలా వదిలేయండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, హల్ (బండి కింది డొప్ప) లోపల అడుగునే పేరుకుని కూర్చుంటుంది. వాసన గట్టిగా వస్తుంటే నీళ్ల లీకు పక్కనపెట్టి ముందు పెట్రోలు లీకు చూసుకోండి. ఇంజిన్ ఆన్ చేయాల్సిన పరీక్షలకి తప్ప మిగతా వేళల్లో బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి ఉంచండి. ఇంజిన్ ఆన్ చేసే పరీక్ష ఏదైనా ఆరుబయటే చేయాలి, షెడ్డులో తలుపులు వేసుకుని కాదు.

ఖరీదైన సామాన్లు అక్కర్లేదు. మంచి టార్చి, చిన్న అద్దం, 20 లీటర్ల పెయింటు బకెట్టు, లీటరు సీసా, పొడి గుడ్డలు, ముగ్గు పిండి, బట్టలకి వేసే నీలిమందు, సబ్బు నీళ్లు, పాత న్యూస్‌పేపర్లు ఉంటే చాలు. స్పానర్లు తర్వాత తీయొచ్చు.

ఎన్ని నీళ్లు, ఎలాంటి నీళ్లు

కారిన నీళ్లని నేల మీదకి వదిలేయకుండా బకెట్టులో పట్టండి. గంటసేపు తిరిగి వచ్చాక పావు లీటరు లోపు వస్తే నేను పట్టించుకోను. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ సీటు పక్కల నుంచి, గాలి గొట్టాల నుంచి ఆమాత్రం చేరుతుంది. రెండు లీటర్లు దాటితే వెతకాలి. బకెట్టు నిండిందంటే కారణం తేలేదాకా ఆ బండిని నీళ్లలో దించకూడదు. బకెట్టు సముద్రపు నీళ్లంటే 20 కిలోల పైమాట. ఆ బరువంతా వెనక్కి చేరి ముక్కు లేచిపోతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఇంజిన్‌ని షాఫ్ట్‌తో (నీళ్లు వెనక్కి చిమ్మి బండిని నెట్టే పంపుని తిప్పే ఇరుసుతో) కలిపే కప్లింగ్ అడుగుకి దగ్గరలోనే తిరుగుతుంటుంది. నీళ్లు దాన్ని తాకాయంటే లోపలంతా పిచికారీ కొట్టినట్టు చిమ్ముతుంది. వైర్లు, స్టార్టర్, గాలి పీల్చుకునే గొట్టం అన్నీ తడుస్తాయి. చాలా బండ్లలో ఇంజిన్ పాడయ్యేది ఈ చిమ్మిన నీళ్ల వల్లే.

పట్టిన నీళ్లని ఒక గాజు గ్లాసులో పోసి వెలుగులో చూడండి. నల్లటి మసి తేలుతుంటే ఎగ్జాస్ట్ గొట్టాల మీద అనుమానం. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే అవి సముద్రపు నీళ్లు కావు, కూలెంట్. అప్పుడు వెతకాల్సింది హల్‌లో కాదు, ఇంజిన్ కూలింగ్‌లో. పైన ఇంద్రధనుస్సు రంగులు మెరిస్తే ఆయిలో పెట్రోలో కలిసింది. ఆ నీళ్లని ఇసుకలో పారబోయకండి, డబ్బాలో పట్టి ఉంచండి.

ఎప్పుడు వస్తున్నాయి

తెల్లవారుజామున సముద్రం నిదానంగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయండి. హల్ లోపల గుడ్డతో పూర్తిగా తుడిచి పొడిగా చేయండి. ప్లగ్గులు బిగించి, ట్రయిలర్ మీదే బండిని వెనక్కి నీళ్లలోకి దించండి. తాళ్లు విప్పొద్దు. ఇంజిన్ ఆపి ఉంచి, సీటు తీసి, టార్చి వేసి అరగంట చూడండి. చూడటమే, ఏమీ విప్పొద్దు.

ఈ అరగంటలోనే నీళ్లు వస్తే అనుమానితులు నలుగురే: డ్రైన్ ప్లగ్గులు; షాఫ్ట్ సీల్ (ఇరుసు హల్‌ని దాటే చోట నీళ్లని ఆపేది); స్టీరింగ్, రివర్సు కేబుళ్లు బయటికి వెళ్లే రంధ్రాలు; నీటి మట్టం కింద ఉన్న పగులు.

అరగంటలో ఏమీ రాకపోతే, బండిని దించి పది నిమిషాలు నడిపి వచ్చి వెంటనే చూడండి. ఇప్పుడు నీళ్లు కనిపిస్తే ఇంజిన్ నడిచినప్పుడే నీళ్లు పారే గొట్టాలు, అంటే కూలింగ్, ఎగ్జాస్ట్ గొట్టాలు చూడాలి. షాఫ్ట్ సీల్ కూడా కొన్నిసార్లు ఆగి ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి తిరిగేటప్పుడే చిమ్ముతుంది. అప్పుడూ పొడిగానే ఉంటే, ఇంజిన్ ఆపి నీళ్లలోనే ఇంకో అరగంట వదిలేయండి. ఇప్పుడు నిండితే అది నా బండికి వచ్చిన జబ్బే, సైఫన్, అంటే గొట్టం గుండా బయటి నీళ్లు వాటంతటవే లోపలికి కారడం.

ఇవేవీ కాక, అలలు ఎక్కువగా ఉన్న రోజో, ముగ్గురు ఎక్కిన రోజో మాత్రమే నీళ్లు వస్తున్నాయా? అయితే లీకు నీటి మట్టం పైన ఉంది. ముందు డిక్కీ మూత, గాలి గొట్టాలు, లేదా హల్, డెక్ అనే రెండు డొప్పలు కలిసే అతుకు చూడాలి. అతుకుని కప్పుతూ చుట్టూ రబ్బరు బంపర్ ఉంటుంది కాబట్టి ఆ లీకు కంటికి కనపడదు.

మా కుర్రాళ్లకి ఈ భాగం నచ్చదు. రెండు గంటలు బండిని చూస్తూ కూర్చోవడం పనిలాగా అనిపించదు వాళ్లకి. కానీ అనుమానం పదిహేను చోట్ల నుంచి రెండు మూడు చోట్లకి తగ్గేది ఇక్కడే.

ఒడ్డు మీద నీళ్లు నింపి వెతకడం

పంక్చర్ షాపులో ట్యూబుని తొట్టిలో ముంచి బుడగలు చూస్తారు కదా, ఇది దానికి తిరగేసిన పని. బయట నీళ్లు ఉంటే లోపల దారి కనపడదు కాబట్టి, నీళ్లు లోపల పోసి బయట చూస్తాం.

1. బండిని ట్రయిలర్ మీద ఉంచి చక్రాలకి రాళ్లు పెట్టండి. ముందు భాగం కొంచెం ఎత్తండి. అప్పుడు నీళ్లు వెనక్కే చేరతాయి, 30 లీటర్లతోనే పని అవుతుంది. నిండా పోస్తే 100 లీటర్లంటే 100 కిలోలు. నీటి మీద తేలడానికి చేసిన హల్ ట్రయిలర్ పట్టీల మీద అంత బరువు మోస్తే ఉన్న పగులు పెరుగుతుంది.

2. బ్యాటరీ తీసేయండి. బయట వైపు హల్, పంపు చుట్టుపక్కల అంతా గుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

3. ఆరిన చోట పలచగా ముగ్గు పిండి చల్లండి. గోడలాంటి చోట నిలవకపోతే పొడి గుడ్డని పిండిలో అద్ది రుద్దండి. నీటి చెమ్మ తగిలిందంటే పిండి రంగు మారి గీత పడుతుంది.

4. మంచినీళ్లలో నాలుగు చుక్కల నీలిమందు కలిపి, మెల్లగా లోపల పోయండి. మొదట ప్లగ్గులు మునిగేదాకా పోసి పావుగంట ఆగండి. తర్వాత షాఫ్ట్ మునిగేదాకా పోసి ఇంకో పావుగంట ఆగండి. స్టార్టర్ మోటారు తడిసే ఎత్తుకి ముందే ఆపేయాలి. అది ఎక్కడుందో పోయకముందే చూసి పెట్టుకోండి.

5. మొదటి చెమ్మ ఎక్కడ కనపడిందో అక్కడ మార్కర్‌తో గుర్తు పెట్టి, టైము రాసుకోండి. నీళ్లు కిందికి జారి వేరే చోట చుక్కగా రాలతాయి. చుక్క రాలే చోటు లీకు కాదు, గీత మొదలైన చోటు లీకు.

6. వెనక వైపు ఏమీ లేకపోతే నీళ్లు తీసేసి, ముందు భాగాన్ని దించి, ముక్కు వైపు కాసిని నీళ్లు చేరేలా చేసి మళ్లీ చూడండి. ఇసుక మీదకి ఎక్కించే బండ్లకి అడుగు అరిగేది ముక్కు దగ్గరే.

  

నీటి మట్టం పైన ఉన్న అతుకుకి గాలి పరీక్ష మేలు. గాలి గొట్టాల మూతులకి గుడ్డలు కుక్కి, సీటు బిగించి, వ్యాక్యూమ్ క్లీనర్ గాలి ఊదే వైపు నుంచి పొడవాటి పైపుతో లోపలికి గాలి పంపండి. అతుకు వెంట సబ్బు నీళ్లు రాస్తే బుడగలు లేస్తాయి. మోటారు బండికి దూరంగా ఉండాలి, లోపల పెట్రోలు ఆవిరి అస్సలు ఉండకూడదు. పంక్చర్ షాపు కంప్రెసర్ తెచ్చి పెట్టకండి. ఆ ఒత్తిడికి బాగున్న అతుకు కూడా ఊడుతుంది.

ఇంజిన్ నడిపి చూడటం

గొట్టాల లీకు చూడాలంటే ఒడ్డు మీదే ఫ్లషింగ్ పైపు (కుళాయి నీళ్లని ఇంజిన్ కూలింగ్‌లోకి పంపేది) తగిలించి ఇంజిన్ నడపాలి. వరుస తప్పకూడదు. ముందు ఇంజిన్ ఆన్ చేసి, వెంటనే కుళాయి తిప్పాలి. ఆపేటప్పుడు ముందు కుళాయి కట్టి, తర్వాత ఇంజిన్ ఆపాలి. ఇంజిన్ ఆగి ఉండగా కుళాయి తిరిగి ఉంటే ఎగ్జాస్ట్ దారిన నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్తాయి. రెండు నిమిషాలకి మించి నడపకండి. షాఫ్ట్ సీల్‌కి చల్లదనం బయటి నీటి నుంచే వస్తుంది, ఒడ్డు మీద దానికి ఆ నీళ్లు ఉండవు. ఆ రెండు నిమిషాల్లో టార్చితో ప్రతి క్లిప్పునీ చూడాలి. చేతులు, చొక్కా చేతులు, మెడలో తువ్వాలు కప్లింగ్ దగ్గరికి పోకూడదు.

దొరికిన లీకుని ఆపడం

*డ్రైన్ ప్లగ్గు.* సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఓరింగ్ (గుండ్రటి రబ్బరు వాషరు) గట్టిపడి చదునైపోయిందా, మరలో ఇసుక రేణువు ఇరుక్కుందా చూడండి. కొత్త ఓరింగ్ వేసి కొంచెం మెరైన్ గ్రీజు రాయండి. చేత్తోనే బిగించండి. కటింగ్ ప్లేయరుతో బిగించే అలవాటు వల్లే ప్లగ్గు కూర్చునే ప్లాస్టిక్ గూడు పగులుతుంది. గూడు చుట్టూ తడి వస్తుంటే దాని స్క్రూలు విప్పి, పాత సీలెంట్ గీకేసి, మెరైన్ పాలీయురెథేన్ సీలెంట్ పెట్టి బిగించాలి. బాత్రూముకి వాడే సిలికాన్ నీటి మట్టం కింద పనికిరాదు. పైగా ఒకసారి సిలికాన్ అంటిన చోట తర్వాత ఇంకేదీ సరిగ్గా అతకదు.

*బెయిలర్ గొట్టం.* జెట్ పంపులోంచి నీళ్లు జోరుగా పోతుంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఆ పీల్చుడుతో హల్ అడుగున చేరిన నీళ్లని ఒక సన్నటి గొట్టం బయటికి లాగుతుంది. మోటారు లేని ఏర్పాటు. ఇంజిన్ ఆగాక మాత్రం ఆ గొట్టం బయటి కొన నీళ్లలోనే ఉంటుంది. బైకు ట్యాంకులోంచి ట్యూబుతో పెట్రోలు లాగితే ఎలా దానంతటదే కారుతుందో, అలా బయటి నీళ్లు లోపలికి రావడం మొదలవుతుంది. అది జరగకుండా గొట్టాన్ని డెక్ కిందదాకా పైకి లేపి వంపు తిప్పుతారు. ఆ వంపు నెత్తిన చిన్న రంధ్రం పెడతారు. ఇంజిన్ ఆగగానే దాంట్లోంచి గాలి దూరి ధార తెగిపోతుంది. ఆ రంధ్రం ఉప్పుతో పూడినా, గొట్టం క్లిప్పు ఊడి వంపు కిందికి జారినా బండి తాపీగా నిండుతుంది.

నా బండిలో ఆ రంధ్రం వెతకడానికే గంట పట్టింది. వేలితో తడిమితే గరుగ్గా ఒక తెల్లటి చుక్క తగిలింది. సూదితో పొడిస్తే చిటుక్కుమని ఉప్పు పెళ్ల ఊడి పడింది. నోటితో ఊదితే గాలి ఆడింది. అంతే రిపేరు. దానికి ముందు ఫైబర్‌కి పెట్టిన ఖర్చు ఇప్పటికీ మా ఇంట్లో చెప్పలేదు. రంధ్రాన్ని పెద్దది మాత్రం చేయకండి, బెయిలర్ పీల్చే బలం పోతుంది. గొట్టం కింది కొన దగ్గర ఉండే జల్లెడలో జుట్టు, నాచు, ప్లాస్టిక్ ముక్కలు ఉంటే తీసేయండి.

*షాఫ్ట్ సీల్.* ఇంజిన్ నుంచి పంపుకి వెళ్లే ఇరుసు హల్‌ని చీల్చుకుని బయటికి వెళ్లాలి కదా, అక్కడ నీళ్లని ఆపేది ఇది. రెండు రకాలు. సీ-డూ లాంటి వాటిలో రబ్బరు బెలోస్ (మడతలున్న గొట్టం) చివర ఒక కార్బన్ ఉంగరం ఉంటుంది, షాఫ్ట్‌తో తిరిగే స్టీలు ఉంగరానికి అది ఒత్తుకుని ఉంటుంది. యమహా బండ్లలో బేరింగ్ హౌసింగ్‌లో గ్రీజు సీళ్లు ఉంటాయి.

కార్బన్ రకాన్ని పరీక్షించడం తేలిక. బండి ఒడ్డున, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బెలోస్‌ని చేత్తో వెనక్కి నొక్కి స్టీలు ఉంగరం ముఖం చూడండి. అద్దంలా మెరవాలి. వేలిగోరు తగిలే గాడి ఉంటే రెండూ కలిపి మార్చాలి, ఒక్కటే మారిస్తే కొత్తది కూడా ఆ గాడిలోనే అరుగుతుంది. బెలోస్ మడతల్లో పగుళ్లు, క్లిప్పు తుప్పు, స్టీలు ఉంగరం లోపలి ఓరింగ్ కూడా చూడండి. ఆ ఓరింగ్‌ని చాలామంది మర్చిపోతారు. గ్రీజు రకంలో గ్రీజు ఎక్కించే నిపుల్ ఉంటే మెరైన్ గ్రీజు మెల్లగా ఎక్కించి చూడండి. ఒత్తి ఎక్కిస్తే సీలే బయటికి వచ్చేస్తుంది. అయినా కారుతుంటే హౌసింగ్ విప్పాలి. అది ఇంజిన్ పక్కకి జరిపి, అలైన్‌మెంట్ మళ్లీ సరిచూసే పని. తెలిసిన మెకానిక్‌కి ఇచ్చేయడమే మంచిది.

ఇక్కడ మన తీరం గురించి ఒక మాట. భీమిలి వైపు ఒడ్డున నల్లగా, ఎర్రగా చారలు కట్టిన ఇసుక చూసే ఉంటారు. ఆ నల్లటిది ఇల్మనైట్, ఎర్రటిది గార్నెట్. గార్నెట్‌తో శాండ్‌పేపర్ చేస్తారు. మోకాలి లోతులో ఇంజిన్ ఆన్ చేశారంటే ఆ శాండ్‌పేపర్ పొడినే పంపులోకి పీల్చి, ఇంపెల్లర్ (పంపులో నీళ్లని తోసే రెక్కల చక్రం) చుట్టూ ఉండే వేర్ రింగ్ మీదా సీల్ మీదా రుద్దుతున్నట్టు. నడుం లోతుదాకా బండిని నెట్టుకెళ్లి అప్పుడు ఆన్ చేయండి.

*గొట్టాలు, క్లిప్పులు.* ఎక్కడ తెల్లటి ఉప్పు చార ఉందో అక్కడ లీకు ఉన్నట్టే. గొట్టం కొన గట్టిపడితే ఒక అంగుళం కోసి మళ్లీ ఎక్కించవచ్చు, పొడవు చాలితే. క్లిప్పులు పూర్తిగా స్టెయిన్‌లెస్‌వే కొనండి. పట్టీ స్టెయిన్‌లెస్, స్క్రూ మామూలు ఇనుము ఉన్నవి షాపుల్లో చౌకగా దొరుకుతాయి. అయస్కాంతం పెట్టి చూస్తే స్క్రూ గబుక్కున అతుక్కుంటుంది. ఉప్పు గాలికి అవి ఎక్కువ కాలం ఆగవు.

*కేబుళ్లు, సెన్సార్ వైర్లు, బోల్టులు.* బయటి నుంచి లోపలికి వచ్చే ప్రతిదీ ఒక రంధ్రమే. రబ్బరు బూట్లు చీలాయా, నట్లు వదులయ్యాయా చూసి, తీసి, శుభ్రం చేసి, సీలెంట్‌తో మళ్లీ బిగించండి. తాడు కట్టే కొక్కెం బోల్టుల దగ్గర ప్రత్యేకంగా చూడండి.

*డొప్పల అతుకు.* బంపర్ రబ్బరు లాగి, దాని కింద స్క్రూలో రివెట్లో తీసి, విడిపోయిన చోట సన్నటి బ్లేడుతో పాత జిగురు గీకండి. ఎసిటోన్‌తో తుడిచి, మెరైన్ జిగురు లోపలిదాకా నింపి, క్లాంపులతో నొక్కి ఉంచి, ట్యూబు మీద రాసినంత సమయం ఆగండి. సగంలో క్లాంపులు తీసి బయల్దేరిన వాళ్లని చూశాను. వాళ్లు ఈ పని రెండోసారి కూడా చేశారు.

నిజంగానే హల్ పగిలితే

ముందు హల్ దేనితో చేశారో చూడండి. సీ-డూ స్పార్క్ లాంటి కొన్ని మోడళ్లది ఫైబర్‌గ్లాస్ కాదు, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. దాని మీద ఫైబర్ పనికి వాడే రెసిన్ జిగురు అతకదు, ఆరాక పెళ్లలా ఊడొస్తుంది. దానికి ప్లాస్టిక్ వెల్డింగే దారి. కింద చెప్పేదంతా ఫైబర్‌గ్లాస్‌కే.

మన దగ్గర అసలు శత్రువు తేమ. పగులులోకి చేరిన ఉప్పునీళ్లు పొరల మధ్య ఉండిపోతాయి. మంచినీళ్లతో బాగా కడిగి, రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టండి. ఆరిందో లేదో తెలుసుకోవాలంటే పగులు మీద పాలిథిన్ ముక్క పరిచి నాలుగు అంచులా టేపు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే కవరు లోపల ముత్యాల్లా నీటి చుక్కలు ఉంటే ఇంకా ఆరలేదు. రెసిన్ పనికి పొద్దున్న పది తర్వాత కూర్చుని మధ్యాహ్నం మూడు లోపు లేవండి. ముసురు పట్టిన రోజు అసలు మొదలుపెట్టొద్దు.

పగులు రెండు చివరలా 3 మి.మీ. రంధ్రం వేస్తే అక్కడితో పాకడం ఆగుతుంది. తర్వాత గ్రైండర్‌తో పగులు చుట్టూ పళ్లెంలా వాలుగా చెక్కాలి. హల్ మందానికి 12 రెట్ల వాలు ఉండాలి. మందం 4 మి.మీ. అయితే పగులుకి ప్రతి వైపూ దాదాపు 5 సెం.మీ. ఇక్కడే అందరూ కక్కుర్తి పడతారు. పగులులో పుట్టీ కూరి, పైన ఒక మ్యాట్ (గ్లాస్ పోగుల పరుపు) ముక్క అంటించి రంగేస్తారు. నా హల్‌కి రెండుసార్లూ జరిగింది అదే. అతుకు బలం ఆ వాలు మీదే ఆధారపడుతుంది, పైన వేసిన పొరల లెక్క మీద కాదు. చెక్కేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఫైబర్ దుమ్ము చెమటతో కలిస్తే రాత్రంతా దురదే.

ఎసిటోన్‌తో తుడవండి, చివర తుడిచే గుడ్డ కొత్తదై ఉండాలి. ఇప్పుడు రెసిన్. పాత ఫైబర్ మీద ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి నీటి మట్టం కింద నేను దానికే ఓటేస్తాను. ఎపాక్సీతో నేసిన గ్లాస్ క్లాత్ వాడండి. మామూలు మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్ రెసిన్‌లోనే కరుగుతుంది, ఎపాక్సీలో సరిగ్గా కరగదు. హార్బర్‌లో పడవలకి వాడేది పాలిస్టర్. చెక్కడం బాగా చేస్తే అదీ పనిచేస్తుంది, ఖర్చు చాలా తక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది. పడవలన్నీ ఒడ్డెక్కి బాగుచేయించుకునేది అప్పుడే. చేయి తిరిగినవాళ్లు కావాలంటే ఆ రెండు నెలలకి ముందే మాట్లాడుకోండి.

పాలిస్టర్ వాడితే కిలో రెసిన్‌కి హార్డెనర్ 10 నుంచి 20 మి.లీ. మే నెల ఎండలో 10 చాలు, ఎక్కువ పోస్తే డబ్బాలోనే గడ్డకట్టి పొగలు వస్తాయి. కోబాల్ట్ యాక్సిలరేటర్ విడిగా ఇస్తే దాన్ని ముందు రెసిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ వేయాలి. ఆ రెండింటినీ నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే పేలుతుంది. రెండు సీసాలకీ ఒకే గరాటు, ఒకే చెంచా కూడా వాడకండి.

గుడ్డ ముక్కల్ని చిన్నది, దానికంటే పెద్దది, ఇంకా పెద్దది అని కత్తిరించి, చెక్కిన పళ్లేన్ని నింపుతూ వేయండి. ప్రతి పొరనీ రోలర్‌తో నొక్కి గాలి బుడగలు తీయాలి. తెల్లటి మచ్చ కనపడితే అక్కడ రెసిన్ అందలేదన్నమాట. లోపలి వైపు చేయి అందితే అక్కడా రెండు పొరలు వేయండి. లోపల తేలడానికి నింపిన ఫోమ్ తడిసి ఉంటే ఆ ముక్క కోసి తీసేసి, నీళ్లు పీల్చని (క్లోజ్డ్-సెల్) కొత్త మెరైన్ ఫోమ్ పెట్టాలి. తడి ఫోమ్ నీటి సంచిలాగే బరువు మోయిస్తుంది.

ఆరాక 80తో మొదలుపెట్టి 120, 220, 400 శాండ్‌పేపర్లతో నున్న చేయండి. ఎపాక్సీ అయితే రుద్దే ముందు నీళ్లతో కడగాలి, ఈ తేమకి దాని మీద మైనంలాంటి పొర ఒకటి తేలుతుంది. పాలిస్టర్ మీద జెల్‌కోట్ (పైన వేసే మెరిసే రెసిన్ పొర) వేసుకోవచ్చు. ఎపాక్సీ మీద జెల్‌కోట్ నిలుస్తుందన్న నమ్మకం లేదు, రెండు డబ్బాల పాలీయురెథేన్ రంగు వేయండి. సముద్రం మీద ఉండగా పగిలితే తుడిచి ఎం-సీల్ ముద్ద నొక్కి ఒడ్డుకి చేరండి, ఒడ్డు చేరాక దాన్ని పెకిలించేసి పైన చెప్పిన పని మొదలుపెట్టండి.

తిరిగి నీళ్లలోకి

నింపే పరీక్ష మళ్లీ ఒకసారి చేసి, అప్పుడు సముద్రానికి తీసుకెళ్లండి. న్యూస్‌పేపర్ని అరచేతి వెడల్పు ముక్కలుగా చింపి, షాఫ్ట్ సీల్ కింద ఒకటి, ఎగ్జాస్ట్ గొట్టం కింద ఒకటి, ముక్కు దగ్గర ఒకటి, ప్లగ్గుల దగ్గర ఒకటి టేపుతో అంటించండి. కప్లింగ్‌కీ బెయిలర్ జల్లెడకీ దూరంగా ఉండాలి. పది నిమిషాలు ఒడ్డుకి దూరం పోకుండా తిరిగి వచ్చి, ఇంజిన్ ఆపి, సీటు తీసి ఏ ముక్క తడిసిందో చూడండి. తర్వాత లంగరు వేసి గంట వదిలేసి మళ్లీ చూడండి.

నా బండికి ఈ పరీక్ష చేసిన రోజు మూడు ముక్కలు కరకరలాడుతూ పొడిగా వచ్చాయి. ప్లగ్గుల దగ్గరి ముక్క మీద మాత్రం నాలుగు చుక్కలు. గుండె జారిపోయింది. మళ్లీ ఒరిగి టార్చి వేసి చూస్తుంటే ఐదో చుక్క కళ్ల ముందే టప్పున పడింది, నా ముక్కు కొస నుంచి. మే నెల విశాఖ ఉక్కపోత మరి.